మంచం కింది బూట్లు

నకులాబ్యె, కంపాలా

ఫెబ్రోనియా అత్తకు, ఇక్కణ్ణుంచే మోకాళ్ల మీద వంగి పలకరిస్తున్నాను.

నేను బాగున్నాను, నా కుట్టుమిషనూ బాగుంది. ఊరందరి పెళ్లికూతుళ్లకీ గోమెసి గౌన్లు కుడుతున్నాను, నాది మాత్రం కత్తెర కిందికే రాలేదు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. మీ ఊళ్లో సిగ్నల్ అందేది కొట్టు ముందే కదా, నేనిక్కడ గుసగుసలాడితే అక్కడ ఉప్పు కొనేవాళ్లు తలలూపుతారు. అందుకే ఉత్తరం.

మీ పక్క ఊరి కిగ్గుండు, నేను ఒకే గదిలో ఉంటున్నామని మనవాళ్లలో నీకొక్కదానికే తెలుసు. కిందటి ఈస్టరుకి అతను కొత్త చర్చిలో చేరి రక్షణ పొందాడు. అప్పట్నుంచి నా పక్కకి వస్తాడు, చెయ్యి పట్టుకుంటాడు, అంతలో వణుకు మొదలవుతుంది. ఒళ్లు అతని మాట వినదు. "దేవుడు భుజం తడుతున్నాడు నలుంగా, పెళ్లి కాకుండా ఇది పాపం" అంటాడు. "అయితే పెద్దవాళ్లని తీసుకొచ్చి మా నాన్నని అడుగు, పెళ్లి చేసుకుందాం" అంటే గోడవైపు తిరుగుతాడు. పాపమంటే భయం, పెళ్లంటే అంతకన్నా భయం. ఇదేం మనిషి?

నేను బాగాలేనా అత్తా? ముప్పైకి దగ్గర పడుతున్నాను. నా కుట్టు కొట్లో అద్దం ముందు రోజూ నిలబడి చూసుకుంటున్నాను. అలాగని వదులుకోలేను. మలేరియా వచ్చినప్పుడు నా బట్టలు కూడా అతనే ఉతికాడు. నాకు అతనే కావాలి. ఏం చెయ్యమంటావు?

నీ మేనకోడలు
నలుంగా

తా.క. చదివి పొయ్యిలో పెట్టు. నా కిందటి ఉత్తరంలో వేరుశనగలు పొట్లం కట్టి అమ్మకే పంపావు.

&nbsp;

కలుంగు దగ్గర, మన ఊరు

మా అన్న కూతురికి, అత్త ముద్దులు.

ఓసి పిచ్చిదానా, ఇంతేనా! ఇంకో ఆడది ఉందేమోనని సగం ఉత్తరం గుండె పట్టుకుని చదివాను. పట్నంలో వాడు తినేదేమిటి? చపాతీలు, వేపిన బంగాళాదుంపలు. అవి తిన్నవాడు ప్రార్థన తప్ప ఏం చేస్తాడు? మటోకె అరటికాయలు ఉడికించి వేరుశనగ పులుసుతో పెట్టు.

దీనితో ములొండో వేరు పంపుతున్నాను. పొద్దున్నే టీలో నానెయ్యి. అతనికి చెప్పకు. చెబితే పరువు అడ్డొచ్చి మందు పని చెయ్యదు. నా చాప మీద కూర్చుని పాఠం నేర్చుకోకుండా మన చుట్టుపక్కల ఏ పెళ్లికూతురూ అత్తారింటికి పోలేదు. నా మాట విను.

పోయిన మీ మావయ్య ఉంటే నేనిలాంటివి రాస్తుంటే చెవులు మూసుకుని అరటితోటలోకి పారిపోయేవాడు.

నీ అత్త
ఫెబ్రోనియా

తా.క. వేరు కొస కొరికినట్టుంటే రాయి. ఇది తెస్తున్న టాక్సీ డ్రైవరు భార్య నాకు బాగా తెలుసు.

&nbsp;

నకులాబ్యె

అత్తకు వంగి పలకరింపు. ఈసారి నడుం నిజంగానే వంగిపోయింది.

టీ కెటిల్లో వేరు అతని కంట పడింది. చేతబడి అనుకున్నాడు. నేనెంత చెప్పినా వినకుండా గుడ్డలో చుట్టి పాస్టరు దగ్గరికి పట్టుకుపోయాడు. ఆదివారం అందరి ముందూ దాన్ని బల్ల మీద పెట్టి ప్రార్థించి, బయటికి తెచ్చి తగలబెట్టారు. ఆ పొగ ఎంత కమ్మగా ఉందనుకున్నావు! వెనక బెంచీల ముసలాళ్లు కళ్లు మూసుకుని పీల్చారు. తరవాత "కలుంగు అత్తలోని దురాత్మ" వదలాలని నీ కోసం కూడా ప్రార్థన చేశారు. చాలాసేపే చేశారు.

ఇంటికొచ్చాక నాకు మొదట్లో నవ్వొచ్చింది, తరవాత ఏడ్చాను. ఇప్పుడు చెయ్యి కూడా పట్టుకోవడం లేదత్తా.

నలుంగా

తా.క. పాస్టరు గారి భార్య నన్ను పక్కకి పిలిచి, కాలకుండా మిగిలిన ముక్క ఏమైనా ఉందా అని అడిగింది.

&nbsp;

మన ఊరు

మేనకోడలికి, దురాత్మ పట్టిన అత్త దీవెనలు.

నా మీద ప్రార్థన చేయిస్తారా? నేనూరుకుంటానా? మన ఫాదర్ చేత కిగ్గుండు పేరున పూజ చెప్పించాను. "దేనికమ్మా?" అన్నారాయన. ఫాదర్‌తో ఏమని చెప్పను? "ఒంట్లో బలం లేదండీ" అన్నాను. ఆయన పీఠం దగ్గర నిలబడి, "తీవ్రంగా జబ్బుపడిన మన బిడ్డ కిగ్గుండు కోసం" అని చదివేశారు. మూడో వరసలో వాళ్లమ్మ ఉందని నాకేం తెలుసు! ఆవిడ అరుపుకి మైకు అక్కర్లేకపోయింది.

ఆవిడా, అతని ఇద్దరు బాబాయిలూ రేపే మీ దగ్గరికి బయలుదేరుతున్నారు. నువ్వు మంచం, చాప వేరు వేరుగా వెయ్యి.

ఫెబ్రోనియా

తా.క. పెద్ద బాబాయి శవానికి చుట్టే బెరడుగుడ్డ కూడా చంకలో పెట్టుకున్నాడు. "ఎందుకైనా మంచిది" అంటున్నాడు.

&nbsp;

నకులాబ్యె

అత్తకు.

నీ ఉత్తరం కన్నా ముందు వాళ్లే వచ్చారు. అతను చపాతీ తింటున్నాడు. "చచ్చిపోయేవాడు ఇలా తింటాడా?" అని పెద్ద బాబాయి కోప్పడ్డాడు. "ఏం జబ్బురా?" అని వాళ్లమ్మ అడిగింది. అతను చపాతీ కింద పెట్టాడు. ఆవిడ గదంతా చూసింది. ఒకటే మంచం. నన్ను పైనుంచి కిందికి చూసింది. ఉన్నట్టుండి, "ఇదా జబ్బు! మనవడు వస్తున్నాడే!" అని నాలుక ఆడిస్తూ కేకలు పెట్టింది. బాబాయిలు చప్పట్లు కొట్టి, "మగాడివిరా!" అని అతని వీపు చరిచారు.

అతని మొహం నువ్వు చూడాల్సింది కాదత్తా.

"పిల్లా లేదు, పిల్లాడూ లేడు. నావల్ల కాదమ్మా. అర్థమైందా? నావల్ల కాదు" అని ఏడ్చేశాడు.

చిన్న బాబాయి గోడ మీది క్యాలెండరు చదవడం మొదలెట్టాడు. వాళ్లమ్మ లేచి కొడుకు చెయ్యి పట్టుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అతను నాతో, "నీకు నేను సరిపోను, నలుంగా. ఇంకొకణ్ణి చూసుకో" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే టాక్సీ ఎక్కేశారు.

అంతమంది పెళ్లికూతుళ్లకి చెప్పావే, మగాడు ఏడిస్తే ఏం చెయ్యాలో ఎందుకు చెప్పలేదు? నాకు నీ మీద కోపంగా ఉంది. నీకు తప్ప ఇంకెవరికి రాయను?

నలుంగా

తా.క. చెప్పులతోనే వెళ్లిపోయాడు. బూట్లు మంచం కిందే ఉన్నాయి.

&nbsp;

మన ఊరు

నా తల్లికి,

నీ కోపం న్యాయమైనదే. మగాడు ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు, అందుకే చెప్పలేదు.

అసలు నేను చెప్పినవేవీ నాకు తెలియవు నలుంగా. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఉంది నా బతుకు. మీ మావయ్య సెమినరీలో చదివి మధ్యలో మానేసి వచ్చినవాడు. పెళ్లినాటి రాత్రి నా పక్కన కూర్చుని జపమాల తిప్పాడు. మర్నాడూ అంతే. తరవాత కొన్నిసార్లు ప్రయత్నించాడు, వణికాడు, గోడవైపు తిరిగాడు. మాది దేవుడి ముందు జరిగిన పెళ్లే, పాపమేమీ లేదు. అయినా అంతే. ముసలివాళ్లమయ్యేదాకా అంతే. ఊరంతా నన్ను గొడ్రాలంది. అననీ అని ఊరుకున్నాను. లేకపోతే ఆయన్ని అనేవాళ్లు.

పెళ్లికూతుళ్లకి చెప్పిందంతా మా అత్త నాకు చెప్పిందే. నవ్వులు మాత్రం నావి. ఆ పిల్లలు మళ్లీ వచ్చి, "నువ్వు చెప్పినట్టే అయింది" అని మొక్కితే, "నిజంగానా?" అనేదాన్ని. వాళ్లు వేళాకోళమనుకునేవాళ్లు.

సాయంత్రాలు మేం వేరుశనగలు ఒలిచేవాళ్లం. వానొస్తే నా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని పిసికేవాడు. అది సంసారం కాదని ఎవరైనా అంటే ఇప్పటికీ తగువుకి వెళ్తాను. కానీ "నీకు భయమేస్తోందా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను. పోయే రోజు నా చెయ్యి పట్టుకుని, "ఫెబ్రోనియా, నన్ను క్షమించు" అన్నాడు. "దేనికి? జావ తాగు" అన్నాను. జావ తాగాడు. అదే ఆఖరు. ఆ జావ గిన్నె చూస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

నిన్న కిగ్గుండు ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మని బయటికి పంపి ఇదంతా అతనికి చెప్పాను. ఫాదర్‌కి కూడా చెప్పుకోనిది. పెళ్లి కాకపోతే దేవుడి మాటున దాక్కోవచ్చు, పెళ్లయ్యాక ఆ చాటు కూడా ఉండదు, నీ భయం అదేనా అన్నాను. తల వంచుకుని ఊపాడు. తరవాత, "వెళ్లే దారి లేక ఉండిపోయావా?" అని అడిగాడు. "దారి మా ఇంటి ముందు నుంచే పోతుంది బాబూ, రోజూ ఊడ్చేదాన్ని" అన్నాను. అప్పుడు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఏం చెయ్యాలో తెలియక పక్కన కూర్చున్నాను. బహుశా అదే చెయ్యాలేమో.

శనివారం టాక్సీకి వస్తానన్నాడు. బూట్ల కోసమో నీ కోసమో అతనికే తెలియదు. వస్తే వేర్లు వద్దు, పులుసు వద్దు, పూజలు వద్దు. నేను అడగనిది నువ్వు అడుగు. ఉంటాడో పోతాడో నేను చెప్పలేను. నువ్వు మాత్రం అడగలేదని నాలా మిగిలిపోకు.

నీ అత్త
ఫెబ్రోనియా

తా.క. అతను వచ్చేదాకా ఆ బూట్లు మంచం కింద నుంచి తియ్యకు. మీ మావయ్యవి నేనింకా తియ్యలేదు.