మామయ్య చదివిన రెండు పేజీలు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ, మీ ఓడా, అందులో మీరు గరిటె తిప్పే వంటగదీ క్షేమమని తలుస్తాను. క్షేమమన్న మాట ఈసారి మనస్ఫూర్తిగా రాస్తున్నాను. పోయినసారి రాసింది పూర్తిగా నిజం కాదు. ఆ సంగతికి వస్తాను. కంగారు పడకండి, అంతా మంచిగానే ముగిసింది.

ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగైంది. మామయ్యే బాగుచేశారు. ఆ ఊపులో బాగున్న స్నానాలగది కుళాయి కూడా విప్పారు. ఇప్పుడది కారుతోంది. లిఫ్టులు బాగుచేసిన చేతులు కదా, రిటైరయినా ఊరుకోవు. పొద్దున్నే పరిశుద్ధ గ్రంథం పైకి చదవడం మానలేదు. పై వాటావాళ్లు వింటున్నారో, భరిస్తున్నారో తెలియదు. "చదివిందే ఎందుకు చదువుతారు మామయ్యా?" అని అడిగాను. "మిషనుతో పాటు ఒక పుస్తకం ఇస్తారే, అలాంటిదేనమ్మా ఇదీ. బాగా నడుస్తున్నప్పుడు ఏం చెయ్యాలో, ఆగిపోతే ఏం చెయ్యాలో రెండూ ఉంటాయి. మనం ఆగిపోయినప్పుడే తెరుస్తాం" అన్నారు.

ఇక అసలు సంగతి. మనకు కూతురు పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది. "కడుపులో తెగ తన్నుతోంది" అని పోయిన ఉత్తరంలో రాశానే, అప్పటికే అది ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంది. నడిసముద్రంలో ఉన్న మనిషికి ఆ మాట రాసి ఏం లాభం? దిగి రాలేరు, కంటి మీద కునుకూ ఉండదు. అందుకే దాచాను. కోపం వస్తే తిట్టండి, తిట్లు తినే ఓపిక ఇప్పుడుంది.

మా కళ్లజోళ్ల దుకాణంలో ఒక పెద్దాయనకు అద్దాలు మార్చి మార్చి చూపిస్తుండగా నొప్పులొచ్చాయి. ఆయనే కారెక్కించి ఆస్పత్రిలో చేర్చారు. బిడ్డను ఇలా చూపించి అలా తీసుకెళ్లిపోయారు. నా అరచేతికన్నా కాస్త పెద్దది, అంతే. "ఊపిరి నిలదొక్కుకుంటే గండం గడిచినట్టే" అంది డాక్టరమ్మ. లేకపోతే ఏమిటో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నన్ను ఇంటికి పంపేశాక కూడా బిడ్డను ఉంచిన వార్డు బయట బెంచీ మీదే కూర్చునేదాన్ని. తిండి సయించేది కాదు. ఒకరోజు మామయ్య గ్రంథం పట్టుకొచ్చి పక్కన కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఓదార్పు మాటలు చదవకండి మామయ్యా. అంతా మన మంచికే అన్నారంటే లేచిపోతాను."

"అది కాదమ్మా. ఒక ప్రవక్త సంగతి. బతుకు మీద విసుగెత్తి, ఇక నన్ను తీసుకుపో స్వామీ అని చెట్టు కింద పడుకుంటాడు. దేవదూత వచ్చి ఏమన్నాడనుకున్నావ్?"

"ధైర్యంగా ఉండమని."

"ఉహు. లేచి తినమన్నాడు. రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ముందు కడుపు, నిద్ర. మిగతా మాటలన్నీ తర్వాతే."

పుస్తకం మూసి, సంచిలోంచి జావ డబ్బా తీశారు. తనే కాచారట. ఓడ వంటవాడి తండ్రికి ఉప్పు వెయ్యడం రాదండీ! అయినా గుక్క తిప్పుకోకుండా తాగాను. "ఇంటికెళ్లి పడుకో. బెంచీని నేను చూసుకుంటా" అన్నారు. బెంచీని చూసుకోవడమేమిటని నవ్వొచ్చింది. బిడ్డ పుట్టాక అదే నా మొదటి నవ్వు. వెళ్లి మొద్దులా నిద్రపోయాను. ఆ తర్వాత రోజూ ఆయనొక పూట, నేనొక పూట. నాకు పాలు పడ్డాయి. దానికి ఊపిరి కుదురుకుంది, ఒళ్లు చేసింది. పోయిన వారం ఇంటికి తెచ్చుకున్నాం.

నా బుద్ధి చూడండి, ఇంటికొచ్చాక కూడా ఏడుపే. ఊపిరాడుతోందా అని మాటిమాటికీ దాని ముక్కు దగ్గర వేలు పెట్టడమే. మామయ్య చూసి చూసి మళ్లీ పుస్తకం తెరిచారు.

"మంచిరోజున ఏడవొద్దని కూడా ఉందమ్మా ఇందులో. కమ్మగా వండుకుని తినమని, వండుకోలేనివాళ్లకి కొంత పంపమని."

"వండుకోలేనివాళ్లు మనకెవరున్నారు?" అంటుండగానే నాకు ఆ వార్డు గుర్తొచ్చింది.

ఇవాళ ఇద్దరం పెద్ద గిన్నె నిండా వండాం. ఉప్పు జోలికి మాత్రం ఆయన్ని రానివ్వలేదు. బిడ్డకు పాలిచ్చి, ఆయనకు అప్పజెప్పి, డబ్బాలతో వార్డు దగ్గరికి వచ్చాను. బెంచీ మీద కళ్లు వాచిపోయి ఒక చిన్న వయసు తల్లి కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసింది. డబ్బా మూత తీసి చేతిలో పెట్టి, "తిను చెల్లీ, ఇక్కడ నేనుంటాను" అన్నాను.

పిల్లకు పేరు మీరే పెట్టాలి. చేయి తెరవదు కాబట్టి మామయ్య "పిడికిలి" అని పిలుస్తున్నారు. తొందరగా పేరు రాసి పంపకపోతే అదే స్థిరపడిపోతుంది, తర్వాత నన్ననకండి.

ఇంకో గంటలో అది పాలకు లేస్తుంది, నేను వెళ్లాలి. కానీ ఈ అమ్మాయి డబ్బా ఖాళీ చేసి, నా కుడి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కదిలితే లేస్తుందని ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోయింది అందుకే, ఏడ్చి కాదు.

ఇట్లు,
మీ ఇంటావిడ,
మీ కూతురి తల్లి