దీర్ఘం

8 మార్చి 1981, ఆదివారం

ఈయన రేపటి నుంచి అగరమంగలం క్యాంపు. వారం పడుతుందట. సంచీ సర్దుకుంటూ, ఆ ఊళ్ళో చింతచిగురు లేతగా ఉంటుందని చెప్పారు. తేవద్దన్నాను. ఎలాగూ తెస్తారు.

క్యాంపు నుంచి వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. గడపలో నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, కుముదా, ఈడ సూడు, అంటారు. ఇంట్లో మేం మాట్లాడుకునేది తమిళం. ఆఫీసులో ఆయన మాట్లాడేది ఐరాల రైతుల తెలుగు. నేనేమో తెలుగు పండిట్‌ని, పిల్లల తప్పులు దిద్దుకుని బతికేదాన్ని. చూడు అనండి, నోరు తిరగదా, అంటాను. కుర్చీలో కూర్చున్నవాడు చూడు అంటే రైతు నాలుగడుగులు వెనక్కి వేస్తాడు, సూడప్పా అంటే దగ్గరికొచ్చి కూర్చుంటాడు అని ఆయన వాదన. తాలూకా గుమాస్తా సౌందరరాజన్ అంటే ఆ పల్లెల్లో అందరికీ తెలుసు. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన దగ్గర దిద్దలేకపోయిన తప్పు అదొక్కటే.

12 మార్చి

ఆయన లేరు.

26 మార్చి

కర్మలన్నీ అయిపోయాయి. బావగారు కృష్ణస్వామి తిరుపతి నుంచి వచ్చి దగ్గరుండి జరిపించారు. తమ్ముడి కోసం ఏడవడానికి కూడా ఆయనకు తీరిక దొరకలేదు, పాపం. తిరుపతికి వచ్చెయ్యమన్నారు. గుడి కైంకర్యంలో ఉన్న ఇల్లు, పొద్దస్తమానం మనుషులు తిరుగుతుంటారు, తోడుగా ఉంటుందన్నారు. చిత్తూరులో నాకు స్కూలు ఉందన్నాను. అసలు కారణం స్కూలు కాదు. నేను ఇక్కడ లేకపోతే ఆయన వచ్చి ఎవర్ని పిలుస్తారు అని ఒక పిచ్చి ఆలోచన. అది బావగారికి చెప్పలేదు.

ఆఫీసు నుంచి ఇద్దరు బంట్రోతులు ఆయన సైకిలు తెచ్చారు. వెనక చక్రం పైకెత్తి మోసుకొచ్చారు. తాళం వేసి ఉంది. తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంది. చొక్కా పోలీసుల దగ్గర ఉంది. వరండాలో గోడకు ఆనించి వెళ్ళిపోయారు.

2 ఏప్రిల్

ఆ రోజు సంగతి వరసగా రాసుకుంటాను. తలలో తిరిగి తిరిగి వరస తప్పిపోతోంది.

మునిరామయ్య అగరమంగలం పక్క పల్లె రైతు. అతని తమ్ముడు చెంగయ్యను బావి మోటారు దొంగతనం అని పోలీసులు పట్టుకుపోయారు. ఏ స్టేషన్లో అడిగినా మా దగ్గర లేడు పో అన్నారట. కొట్టి చంపేసి ఉంటారనుకున్నాడు. అడవి పందుల కోసం ఇంట్లో పెట్టుకున్న నాటు తుపాకి తీసుకుని తాసిల్దారును పట్టుకుందామని క్యాంపు బంగళాకి వచ్చాడు. తాసిల్దారు ఏటి దగ్గర స్నానానికి వెళ్ళి బతికిపోయాడు. కాగితాల గదిలో మా ఆయన దొరికారు. తలుపు గడియ పెట్టుకుని, మా తమ్మున్ని నా కండ్లకు సూపించండి, అంతదాకా ఈయప్పను వదల్ను అన్నాడట.

మధ్యాహ్నం జీపు వచ్చి నన్ను తీసుకెళ్ళింది. నన్ను చూస్తే వాడి మనసు కరుగుతుందని ఎవరికి తోచిందో. తీరా వెళ్ళాక, ఆడవాళ్ళు ముందుకు రాకూడదని జీపు పక్కనే నిలబెట్టారు. ఎండలో నిలబడి ఆ కిటికీనే చూస్తూ ఉన్నాను. దానికి ఒక రెక్క ఊడిపోయి ఉంది. లోపల చీకటి.

ఇన్‌స్పెక్టరు చేతిలో మైకు. ప్రహరీ గోడ చాటున రైఫిలు పట్టుకుని కానిస్టేబులు వేలాయుధం, సత్యవేడు వైపువాడు. ఇన్‌స్పెక్టరుకూ తమిళం వచ్చు. అందుకని మునిరామయ్యను బెదిరించడానికి తెలుగు, వేలాయుధానికి ఆర్డర్లు ఇవ్వడానికి తమిళం, రెండూ అదే మైకులో. ఉండు, తల దించు, కిటికీ మీదే కన్నుంచు, నేను చెప్పేదాకా ఆగు అని. లోపలివాడికి అర్థం కాదని ఆయన తెలివి. నాకు అన్నీ అర్థమవుతున్నాయి. ఆగు అన్నప్పుడల్లా కాస్త ఊపిరి తీసుకున్నాను.

ఎండ వాలాక చెంగయ్యను తెచ్చారు. ఏ స్టేషన్లోనూ లేని మనిషి పోలీసు జీపులోంచే దిగాడు. ముఖమంతా వాచి ఉంది. ఇన్‌స్పెక్టరు మైకు అతని చేతిలో పెట్టి, మాట్లాడరా అన్నాడు. మైకు చేయి మారిందని గోడ చాటు మనిషికి చెప్పలేదు. చెంగయ్య ఎన్నడూ మైకు ముట్టినవాడు కాదు, దాన్ని పెదవులకు ఆనించుకున్నాడు. అన్నా అన్నది గరగరలో కలిసిపోయింది. తర్వాత ఒక్క మాట తేలింది, రెండుసార్లు. సూడు, సూడు.

ఈడ సూడు, నేను బతికే ఉండాను అని చెప్పబోయాడు. నేను దాన్ని తెలుగుగా విన్నాను. వేలాయుధం తమిళంగా విన్నాడు. తమిళంలో సుడు అంటే కాల్చు.

అప్పుడే కిటికీలో ఒక ముఖం కనిపించింది. రైఫిలు పేలింది. ఆ ముఖం మా ఆయనది.

21 ఏప్రిల్

స్కూలుకు వేసవి సెలవులు. ఇవాళ పాలామెతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమెతో కూడా తమిళం కాదు. ఈ ఇంట్లో తమిళం మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

5 మే

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, కుర్చీ చూపించినా అంచు మీద కూర్చున్నాడు. తమిళంలో మామీ మామీ అంటూ చాలా మర్యాదగా మాట్లాడాడు. వచ్చే నెల సబ్ కలెక్టర్ ఎంక్వైరీ ఉందట. పోలీసుల వైపు నుంచి కథ ఇదీ. చెంగయ్య మైకులో అన్నకు చెప్పింది సుడు అని. కాల్చెయ్ అని. అన్న కాల్చాడు. మా వాళ్ళు ఒక్క రౌండు కూడా వాడలేదు. తూటా గోడలోకి దూరిపోయింది, దొరకలేదు.

ఊరివాళ్ళు సూడు అంటారు మామీ, వాళ్ళంతా వాడి బంధువులు, ఎవరు నమ్ముతారు అన్నాడు. మీకు తమిళం వచ్చు, పైగా పండిట్, పైగా సౌందరరాజన్ గారి భార్య. మీ మాట మీద ఇంకో మాట ఉండదు. సుడు అని వినిపించింది అనండి చాలు. అన్నదమ్ములిద్దరూ మళ్ళీ బయటికి రారు.

చివరిదాకా విన్నాను. కాఫీ ఇచ్చాను కూడా.

అతను వెళ్ళాక గ్లాసు కడిగి పెట్టాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను, కాసేపు హాయిగా అనిపించింది. తిట్టుకోవడానికి ఇద్దరు మనుషులు, పేర్లతో సహా. ఒక్క దీర్ఘం తీసేస్తే చాలు.

8 మే

బావగారు వచ్చి వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు ఆయన్నూ కలిశాడట. నీకెందుకమ్మా ఈ దీర్ఘాలూ హ్రస్వాలూ అన్నారు. తుపాకి పట్టుకొచ్చింది ఎవడు? వాడు రాకపోతే మా తమ్ముడు ఇవాళ ఈ కుర్చీలో కూర్చునేవాడు కాదా? దానికి పండితులు కావాలా అన్నారు.

బావగారి మాట తప్పని ఎలా అనను? మునిరామయ్యను తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన ఎవరికేం అన్యాయం చేశారని ఆయన్ను పట్టుకున్నాడు? వాడిని నేను క్షమించను. కానీ వాడు కాల్చలేదు. చెంగయ్య కాల్చమనలేదు. ఆ మనిషిని దాచిపెట్టి, లేడని చెప్పి, కొట్టి, ఆఖరికి చేతిలో మైకు పెట్టినవాళ్ళు నా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళారు.

ఇదంతా బావగారితో అనలేకపోయాను. బస్సు వేళయిందని లేచారు. వీధి చివర మలుపు తిరిగేదాకా చూశాను. తిరిగి చూడలేదు.

17 మే

మిట్టమధ్యాహ్నం తలుపు కొట్టారు. వేలాయుధం. యూనిఫారం లేకపోయేసరికి గుర్తుపట్టలేదు, చాలా చిన్నగా కనిపించాడు. లోపలికి రమ్మనలేదు. అతనూ రాబోలేదు. సైకిలు పక్కన నిలబడి తమిళంలో మాట్లాడాడు. ఈ ఇంటి వరండాలో మళ్ళీ తమిళం వినిపించింది, అదీ ఇతని నోట.

రైఫిలు ఆ రోజు పేలనే లేదని చెప్పమన్నారట. పొద్దుటి నుంచి ఆ మైకులో వచ్చిన తమిళమంతా నాకేనమ్మా, నేను చెప్పేదాకా ఆగు అన్నారు, చెప్పినట్టే వినిపించింది అన్నాడు. తలెత్తి చూసే వీలు లేదు, కిటికీ మీదే కన్నుంచమన్నారు. ఇంత చెప్పి ఆగి, అది పొట్టిగానే వినిపించింది కదమ్మా అని అడిగాడు. అబద్ధం చెప్పమని కాదు. తన చెవి తనను మోసం చేయలేదని ఒక్కరైనా అంటే చాలన్నట్టు అడిగాడు.

లేదు, పొడుగే అన్నాను.

మంచినీళ్ళు అడిగాడు. తెచ్చి ఇచ్చాను. చెంబు చేతికి ఇవ్వబుద్ధి కాలేదు, గట్టు మీద పెట్టాను. తాగి, వస్తానమ్మా అని వెళ్ళిపోయాడు.

తప్పు నీ ఒక్కడిదే కాదు అని ఒక మాట అనవలసింది. తెలుసు. నోరు రాలేదు. అతను గురి చూసింది నా భర్త ముఖాన్ని.

11 జూన్

ఎంక్వైరీ. సబ్ కలెక్టర్ ఉత్తరాది కుర్రాడు, ఇక్కడి భాషేదీ రాదు, అన్నీ ఇంగ్లీషులోకి మార్చి చెప్తున్నారు. ప్రమాణం చేయించి, మైకులో ఏ మాట విన్నారు అని అడిగారు. సూడు అన్నాను. టైపిస్టు టకటకా కొట్టాడు. చూపించమన్నాను. ఎస్ యు డి యు.

ఇది ఎలాగైనా చదువుకోవచ్చు అన్నాను. ఇంగ్లీషులో ఇంతే మేడమ్ అన్నాడు టైపిస్టు. అయితే తెలుగులో నేనే రాస్తాను, పెన్ను ఇవ్వండి అన్నాను. ఇచ్చారు. చేయి అలవాటు ప్రకారం చూ అని రాసింది. కొట్టేశాను. పక్కన సూడు అని రాశాను. ఆ దీర్ఘం కాగితానికి చిల్లు పడేలా దిద్దాను. కింద సంతకం పెట్టాను.

పోలీసుల తరఫు ప్లీడరు చూసి నవ్వాడు. పండిట్ గారూ, ఈ మాట మీ పిల్లలు రాస్తే మార్కులు వేస్తారా అన్నాడు. వెయ్యను, తప్పే, కానీ అతను అన్నది ఈ తప్పే అన్నాను. తర్వాత మైకు సంగతి చెప్పాను. తమిళంలో ఆర్డర్లు ఇచ్చిందీ, మైకు చేయి మారిందని చెప్పనిదీ, అంతా. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వేలాయుధం వంతు వచ్చింది. రైఫిలు పేలలేదు అంటాడనుకున్నాను. కాల్చింది నేనే, నాకు సుడు అని వినిపించింది అన్నాడు.

ఆఖర్న మునిరామయ్యను బేడీలతో తెచ్చారు. అతన్ని దగ్గరగా చూడటం ఇదే మొదలు. చెవుల్లో వెంట్రుకలున్న మామూలు మనిషి. మైకులో తమ్ముడి గొంతు మాదిరి ఇనిపిచ్చినాది సామీ, కిటికీకాడికి పోను భయమైనాది అన్నాడు. మా ఆయన లేచారట. నువ్వు ఆడనే ఉండప్పా, నేను సూసి చెప్తా అన్నారట. కిటికీ దగ్గర నిలబడి వెనక్కి తిరిగి, మీ తమ్ముడేనప్పా, బాగుండాడు, సూడు అన్నారట.

అక్కడికి వచ్చేసరికి మునిరామయ్య ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, అందరి ముందూ. ఆయన ఆఖరి మాట కూడా దిద్దాల్సిన మాటే.

19 సెప్టెంబర్

రిపోర్టు వచ్చింది. చెంగయ్య మీద కేసు తీసేశారు. మునిరామయ్య కేసు కోర్టులో నడుస్తుంది, నడవనీ. వేలాయుధాన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇన్‌స్పెక్టరుకు బదిలీ, మంచి ఊరే. అతని పేరు రిపోర్టులో ఒకే ఒక్కసారి ఉంది, సంఘటనా స్థలంలో ఉన్నవారి వరసలో. నేను చెప్పిన మైకు చేయి మారిన సంగతి ఎక్కడా లేదు. మైకు సరిగా పనిచేయకపోవడం వల్ల ఈ దురదృష్టకర సంఘటన జరిగిందని ఉంది. ఆ మైకుకు ఏం శిక్ష వేస్తారో.

నా దీర్ఘం చెంగయ్యను బయటికి తెచ్చింది, వేలాయుధాన్ని రోడ్డు మీదికి తోసింది. ఇన్‌స్పెక్టరు దాకా అందలేదు. వేలాయుధానికి ఉద్యోగం పోతుందని నాకు ముందే తెలుసు. తెలిసే రాశాను. మళ్ళీ అడిగినా అదే రాస్తాను. అయినా ఆ రోజు చెంబు చేతికి ఇచ్చి ఉండాల్సింది.

బావగారు రిపోర్టు సంగతి విని ఉంటారు. ఉత్తరం రాలేదు. దసరాకు రమ్మంటారనుకున్నాను.

రిపోర్టుతో పాటు మా ఆయన వస్తువులు ఇచ్చారు. కళ్ళజోడు, చేతి గడియారం, తాళంచెవి. చొక్కా ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

27 సెప్టెంబర్

సైకిలు తాళం తీశాను. తొక్కడం రాదు, నడిపించుకుంటూ బజారు దాకా వెళ్ళాను. చింతచిగురు కాలం కాదు. ఉత్త చేతులతో వచ్చాను. గడపలో నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఈడ సూడు, అన్నాను. దీర్ఘం సరిగ్గానే పలికింది.