దేశం ఆగుతదా?

గోదావరిఖని

ప్రియమైన చెల్లె సంధ్యారాణికి,

ఫోన్‌ల మాట్లాడితె ఏడుపొస్తది, అందుకే రాస్తున్న. బొగ్గు పోయి సోలార్ కరెంటు వస్తున్న కాలంల దేశం ఎట్ల మారుతున్నదో నువ్వు పేపర్ల రాస్తున్నవు గద. అందుల బొగ్గు గనిల మట్టి తీసే కాంట్రాక్టర్ రఘుపతి గురించి గూడ రాస్తవట. మీ బావ జైపాల్ వాని టిప్పర్ తోలుకుంటనే పాణమిడిసిండు. తాగి తోలిండని వాడు అందరితోని అనిపిచ్చిండు. ఆయన చుక్క ముట్టడని నీకెరుకే. ఆ మాట పడ్డనాటి నుంచి మా అత్త సారవ్వ గడప దాటలె. వాడు గూడ నలుగుర్ల తలెత్తకుంట రాయి. గంతే కావాలె.

నీ అక్క,
అనసూర్య

హైదరాబాదు

ప్రియమైన అక్కా,

మీ ఊరికి వచ్చి రఘుపతిని కలిశాను. జీపులో తిప్పి చూపించాడు, భోజనం పెట్టాడు. మన బాపు పనికి దిగిన బొగ్గు బాయి మూసేశారు. మట్టి గుట్టల మీద రఘుపతి పెట్టిన సోలార్ పలకలు మెరుస్తున్నాయి. ఈ దేశానికున్న తొందరంతా అతని మాటల్లో విన్నాను. ఒక్క తిట్టు కూడా రాయనక్కా. ఆదివారం పేపరు చూడు.

ప్రేమతో,
సంధ్య

గోదావరిఖని

సంధ్యకు,

చూసిన. సగం పేజీ వాని నవ్వు మొఖమే. చదవబుద్ధి గాలె, చింపేసిన. వాని బువ్వ తిని వాణ్ని మోసినవు. ఇగ నాకు చెల్లె లేదు.

అనసూర్య

గోదావరిఖని

ప్రియమైన నా చెల్లెకు,

మీ బావతోని బండి తోలిన బుచ్చన్న పేపర్ తెచ్చి చదివి వినిపిచ్చిండు. 'వానకు గుట్ట జారుతున్నది, బండ్లు ఆపుమని డ్రైవర్లు మొత్తుకున్నరు. నేను ఆపలె. దేశం ఆగుతదా?' అని వాడే గొప్పగ చెప్పుకున్నడు. దానికిందనే నువ్వు రాసినవు: 'ఆ రోజే ఆ గుట్ట మీదే జైపాల్ అనే డ్రైవర్ చనిపోయాడు. నేను ఆయన మరదలినని చెప్పాను. జైపాల్ ఎవరని రఘుపతి అడిగాడు.'

బుచ్చన్న, తోటి డ్రైవర్లు ఠాణకు పోయి ఉన్నదున్నట్టు చెప్పిన్రు. నేను ఫిర్యాదిస్తె కేసు మల్ల తెరిచిన్రు.

ఇయ్యాల పొద్దుగాల రఘుపతి మా ఇంటికే వచ్చిండు.

"జైపాల్ తాగలేదమ్మా. తప్పు నాదే. కేసు వాపసు తీసుకో" అని మొక్కిండు.

"నాకు గాదు, మా అత్తకు చెప్పు. గల్లీ అంత ఇనాలె" అన్న.

బయట నిలబడి గట్టిగ చెప్పిండు. సారవ్వ గడప దాటొచ్చి వాని కండ్లల్లకు చూసింది. ఇరుగుపొరుగు గుమిగూడిన్రు.

"ఇగ కేసు వదిలేస్తవా?" అన్నడు.

"ఎట్ల వదులుత? ఇప్పుడు గల్లీ అంత సాక్ష్యమే" అన్న.

నిన్ను అన్న మాటలకు నా మనసు కాలుతున్నది. జల్ది రా.

నీ అక్క,
అనసూర్య