రెండో సంతకం

ఆదివారం, మార్చి 9

మా ఇంటి చిన్న సిస్టర్‌కి,

పెద్ద సిస్టర్ బోలెడు ఆశీస్సులతో రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. నీ కోపం కూడా అక్కడ కులాసాగానే ఉందని మీ ఆయన చెప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే కాగితం పట్టుకున్నాను. ఉత్తరాన్నైతే మధ్యలో కట్ చేయలేవు కదా!

నువ్వు పుట్టింటికి వెళ్ళిన దగ్గర్నుంచి వంట మీ ఆయనదే. నిన్న కూర మాడ్చి, గిన్నె తోమలేక మంచం కింద దాచాడు. ముప్పై ఏళ్ళొచ్చాయి వెధవకి. నాకు వాసన రాదనుకున్నాడు.

సరే, అసలు సంగతికొస్తాను. మన ఆపరేషన్ వార్డు నుంచి నిన్ను పిల్లల వార్డుకి మార్చేసరికి నీకు తల తీసేసినట్టయిందని తెలుసు. ఉద్యోగమే మానేస్తానని మీ అమ్మగారితో అన్నావట. అత్తాకోడళ్ళు ఒకే వార్డులో ఉండకూడదని మేట్రన్ చెవిలో ఎవరో ఊదారనీ, అది పొడుగు సిస్టర్ పనేననీ నీ అనుమానం. పాపం, ఆవిడకి ఏ పాపమూ తెలియదు. ఆవిడ మీద పళ్ళు నూరకు.

వార్డు గుమ్మం దాటితే అత్తా లేదు, కోడలూ లేదు, ఇద్దరం సిస్టర్లమే అని ఒప్పందం చేసుకున్నాం. నువ్వేమో నేను కనపడగానే కుర్చీలోంచి లేచి నిలబడేదానివి. ఓసారి పేషెంట్లందరి ముందూ, అత్తయ్యా మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను అన్నావు. వార్డంతా ఒకటే నవ్వు. పైకి కసిరాను గానీ లోపల పొంగిపోయాను. నాకు కూతుళ్ళు లేరు. ఉన్నా ఇలా చూసుకునేవాళ్ళో లేదో.

ఉద్యోగం మాత్రం మానకు తల్లీ. సూది గుచ్చినట్టే తెలియనివ్వని చెయ్యి నీది. ఆ పిల్లల అదృష్టం అనుకో. కోపం తీరకపోతే ఇంటికొచ్చి నా మీదే అరిచెయ్.

మీ అమ్మానాన్నలకి నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
అత్తయ్య

తా.క.: మేట్రన్‌కి చెప్పింది నేనే. కిటికీ పక్క మంచం మీది పెద్దావిడకి ఇన్సులిన్ ఇచ్చిన రోజు గుర్తుందా? ఒకరు మందు తీస్తే ఇంకొకరు డోసు చూసి సంతకం పెట్టాలి. నేను సిరంజి చూపించాను. నువ్వు నా మొహం చూసి నవ్వి సంతకం పెట్టేశావు. తీరా ఆవిడ చెయ్యి పట్టుకున్నాక చూసుకుంటే, సిరంజిలో ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. ఇవ్వలేదులే, పారేసి మళ్ళీ తీశాను. నా తప్పూ, నీ సంతకమూ రెండూ మేట్రన్‌కి చెప్పేశాను. కోడలికి నేనే చెప్పుకుంటానని ఆవిడని ఆపి, నోరు రాక, నువ్వు రైలెక్కేదాకా ఊరుకున్నాను. సిరంజి ఇంకెవరి చేతిలో ఉన్నా నువ్వు చూసేదానివి. నన్ను అంతలా నమ్మేదాన్ని పక్కన పెట్టుకుని మందులివ్వాలంటే నాకు భయమేసింది తల్లీ.