గట్టివాళ్ళ నెత్తురు

గుంటూరు,
అక్టోబరు, 2003.

పరిశోధనా విభాగపు డైరెక్టరు గారి సముఖమునకు,
జీవరసాయన శాస్త్ర పరిశోధక విద్యార్థిని షేక్ ఖుర్షిదా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పత్తి రైతుల రక్తపరీక్షలో వచ్చిన మంచి ఫలితమును రద్దు చేసి, ఈ సీజనులో మరల రక్తము తీయుటకు అనుమతి కోరుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. పురుగుమందు కొట్టే మనిషి రక్తములో నరములకు అవసరమైన ఒక ఎంజైము తగ్గునా లేదా అనునది నా పరిశోధన. పిడుగురాళ్ళ అవతల ఒక పల్లెను తమ కార్యాలయమే ఎంపిక చేసినది. పోయిన సీజనులో అచ్చట రక్తము తీసితిని. అందరికీ ఎంజైము నిండుగా ఉన్నది. ఆ మీదట తమ కార్యాలయము "ఈ ప్రాంత రైతులకు పురుగుమందు వలన హాని కనబడలేదు" అని నివేదిక తయారుచేసి నా సంతకము కొరకు పంపినది. నేను పెట్టలేదు. కారణము మనవి చేయుచున్నాను.

2. రక్తము తీయుటకు ముందు ఊరిలో దండోరా వేయించవలెననునది తమ కార్యాలయపు పద్ధతి. దండోరా వేసినాయన "ఇంటికొక మనిషి రావాలహో" అని చాటినాడు. అయ్యా, ఆ ఊళ్ళో ఇంటికొక మనిషి అంటే కాలవ పూడిక తీయడానికి పిలుపు. ఎవరింట్లోంచైనా ఉన్నవాళ్ళలో గట్టివాణ్ణే పంపుతారు. బక్కవాణ్ణి పంపితే ఊరి ముందు నామోషీ. నెత్తురుకీ అట్లాగే పంపారు.

3. ఈ సంగతి వేసవిలో ఫలితం చెబుదామని ఆ ఊరు వెళ్ళినప్పుడు తెలిసింది. కౌలుకు పత్తి వేసే బుల్లయ్య గారింట్లో ఆయన భార్య పున్నమ్మ గారు ఉన్నారు. "బాబాయి నెత్తురు బ్రహ్మాండంగా ఉంది పిన్నీ" అన్నాను. ఆవిడ నవ్వింది.

"ఆయనదెక్కడిదమ్మాయ్! అది మా అల్లుడు వీరబాబుది. సున్నపు బట్టీలో పని చేస్తాడు. చుట్టపుచూపుగా వస్తే నేనే పంపిచ్చా. ఇంటి యజమాని పేరు అడిగారంట, మామ పేరు చెప్పొచ్చాడు."

"మరి బాబాయి రాలేదేం?"

"మందు కొట్టొచ్చి గోడ పట్టుకుని నడుస్తుంటే ఎట్టా పంపేది? ఆ నీరసపు నెత్తురు నువ్వేం చేసుకుంటావు? ఆడపిల్లవి, బస్సుల్లో పడి వచ్చావు. మంచిది ఇవ్వొద్దూ?"

నాకు మర్యాద చేశారు. ఆవిడ పెట్టిన చారన్నం తిని బస్సెక్కాను.

4. సదరు విషయము నా గైడు గారికి తెలియజేసితిని. "చేతికొచ్చిన ఫలితాన్ని కాలదన్నుకుంటావా తల్లీ? సంతకం పెట్టు. డాక్టరేటు వస్తుంది, ఉద్యోగం వస్తుంది. నీ తోటివాళ్ళంతా హైదరాబాదు కంపెనీల్లో స్థిరపడ్డారు" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. నాకు విసుగొచ్చేసిందండీ. మా అమ్మ మదార్‌బీ మిరపకాయల తొడిమలు తీసి నన్ను చదివించింది. ఆ ఘాటుకు పట్టిన దగ్గు ఇంకా వదల్లేదు. "ఇన్నేళ్ళు చదివి దగ్గుకు మందు రాయలేవు, నువ్వేం డాక్టరువే?" అంటుంది. నేను ఆ డాక్టర్ని కాదమ్మా అని చెప్పీ చెప్పీ నోరు పడిపోతోంది. పల్లెలో అయితే, సూది గుచ్చుతావు, మందివ్వవు, ఇదేం చదువమ్మా అని బుగ్గలు నొక్కుకుంటారు. ఒక్క సంతకం పెడితే ఈ పోరంతా తీరిపోతుంది. పెడదామని కలం మూత తీశాను కూడా. గోడ పట్టుకుని నడిచే మనిషి గుర్తొచ్చి మళ్ళీ మూత పెట్టేశాను.

5. ఇదివరకు పెట్టుకున్న అర్జీలకు జవాబు లేదు. ఫైలు తమ బల్ల మీదనే ఉన్నదని గుమాస్తా గారు సెలవిచ్చినారు. పత్తిలో పురుగు తమ సంతకము కొరకు ఆగదు, రైతూ ఆగడు. మందు కొట్టే రోజులు అయిపోవుచున్నవి. కావున సదరు నివేదికను నిలిపివేసి, మరల రక్తము తీయనివ్వవలెనని ప్రార్థన. ఈసారి దండోరా వద్దు. చేలోకే పోయి, వీపున ట్యాంకు ఉన్నవాడి దగ్గరే తీసుకుంటాను.

ఈ విన్నపమును ఒక్కమారు పూర్తిగా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ ఖుర్షిదా

తా.క. కవరు అంటించబోతుంటే బుల్లయ్య గారే లాబొరేటరీకి వచ్చారు. నేను అడిగింది పున్నమ్మ గారు చెప్పారట. పొద్దున్నే మందు కొట్టి, కడుక్కుంటే నెత్తుట్లోంచి మందు పోద్దేమోనని కాళ్ళూ చేతులూ కూడా కడుక్కోకుండా బస్సెక్కారు. ఒళ్ళంతా చెమటలు, కంటిపాపలు సూది మొనంత.

"అమ్మాయ్, కళ్ళు మసకలేస్తన్నాయి. ఇప్పుడు పనికొచ్చుద్దా నా నెత్తురు?" అన్నారు.

పనికొస్తుంది బాబాయ్ అని ఆయన్ని పట్టుకుని క్యాజువాల్టీకి పరిగెత్తాను. అక్కడ విరుగుడు మందు ఎక్కించేలోపు, తమ అనుమతి లేకుండానే, ఒక గొట్టం నెత్తురు తీసుకున్నాను. ప్రాణభయం లేదని డాక్టర్లు, అసలు డాక్టర్లు, చెప్పారు. నా మీద చర్య తీసుకుంటారో ఏం చేస్తారో తమ ఇష్టం. గొట్టం మీద బుల్లయ్య అని రాశాను. ఈసారి అది బుల్లయ్య నెత్తురే.