మైనస్ ఎనభై

జూన్ 9

ఆసుపత్రి నంబర్ నుంచి ఫోన్. చెప్పాల్సింది ఏప్రిల్‌లోనే చెప్పేశారు, ఇంకేం మిగిలింది?

చేసింది రీసెర్చ్ చూసే డాక్టరమ్మ. ఐసీయూలో నా భార్య నుంచి రోజూ ఒక ట్యూబు రక్తం అదనంగా తీసుకున్నారు. తనకు స్పృహ లేదు కాబట్టి ఒప్పుకున్నది నేను. పేగు గోడ దెబ్బతింటే అందులోని ఒక ప్రోటీన్ రక్తంలోకి కారుతుందట. పొట్ట ఉబ్బకముందే దాన్ని బట్టి ప్రమాదం పసిగట్టవచ్చా అన్నది వాళ్ళ స్టడీ. తను చేరింది న్యుమోనియాతో. పోయింది పేగులు చచ్చుబడి.

మనిషి పోతే ఇంట్లోవాళ్ళని మళ్ళీ అడగాలని రూలట. ట్యూబులు ఉంచాలా, పారెయ్యాలా? నెలాఖరులోగా చెప్పమంది.

ఆలోచిస్తానన్నాను.

జూన్ 10

ఆలోచించలేదు. గిన్నెలు కడిగాను.

జూన్ 14

బావమరిదికి చెప్పాను. ఊగిపోయాడు. రోజూ రక్తం తోడుకున్నారు, అంకెలు చూస్తూ కూర్చున్నారు, అక్క పొట్ట కుండలా ఉబ్బేదాకా ఒక్కడూ నోరు విప్పలేదు, నువ్వేమో బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావు బావా అన్నాడు. పారెయ్యమను, మన రక్తంతో వాళ్ళకేం పని అన్నాడు.

అమ్మాయి అడ్డొచ్చింది. మామయ్యా, ముందు నాన్నని రెండు ముద్దలు తిననీ అంది. అతను వెళ్ళాక తనే మెల్లగా అడిగింది, నిజంగా వాళ్ళకి ముందే తెలుసా నాన్నా అని.

కంచం పక్కకి జరిపాను.

వాళ్ళమ్మకి సూదంటే పడదు. చేరిన రోజు, ఇంకా మాట్లాడుతున్నప్పుడు, నర్సుతో అంది: మీకంటే దోమలు నయమమ్మా, పాట పాడి మరీ కుడతాయి. నర్సు నవ్వి మళ్ళీ గుచ్చింది.

జూన్ 17, ఉదయం పదకొండు

బావమరిదీ నేనూ ల్యాబుకి వెళ్ళాం. బీరువా అంత ఫ్రీజర్. తలుపు మీద ఎర్ర అంకెల్లో మైనస్ ఎనభై. తన రక్తం అందులో ఉంది. చెయ్యి వేసి చూశాను. బయట వెచ్చగానే ఉంది.

ఒక్క ట్యూబు కూడా ఇంకా తెరవలేదట. పేషెంట్లందరూ చేరాక, అందరివీ ఒకే రోజు కరిగించి, ఒకే కిట్‌తో పరీక్ష చేస్తారట. తలో రోజు చేస్తే ఒకరి అంకెని ఇంకొకరి దానితో పోల్చలేరు. అంటే అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు.

బావమరిది వదల్లేదు. ఇల్లు కాలాక బావి తవ్వుతున్నారన్నమాట అన్నాడు. అవునండీ, పక్కిల్లు ఇంకా కాలలేదు కదా అంది డాక్టరమ్మ. ఎగతాళిగా అనలేదు. ఆమె కళ్ళ కింద కూడా నలుపు.

పారెయ్యమంటే ఏమవుతుందని అడిగాను.

మీ ఆవిడే ఆఖరి పేషెంటండీ, ఆవిడతో లెక్క నిండింది, తీసేస్తే ఆవిడ బదులు ఇంకొకరు దొరికేదాకా ఆగాలి అంది.

ఎలాంటివాళ్ళు అన్నాను.

అలాంటివాళ్ళే అంది, నేల చూస్తూ.



జూన్ 18

ఇంకొకరు. ఈపాటికి ఎక్కడో మామూలుగా టీ తాగుతూ ఉంటారు. భర్త చక్కెర ఎక్కువైందంటూ ఉంటాడు.

జూన్ 20

డాక్టరమ్మకి ఉంచమని చెప్పాను. తన అంకెలు మాత్రం నాకు చెప్పొద్దన్నాను. ఎలాగూ చెప్పమండీ, ట్యూబుల మీద కోడ్ నంబరే తప్ప పేరుండదు అంది. అయితే కరిగించే రోజు చెప్పండన్నాను. అలా చెప్పాలని రూల్స్‌లో లేదంది. మళ్ళీ తనే, చెప్పకూడదనీ లేదులెండి అంది.

అమ్మాయి విని తలూపింది. బావమరిది, నీ ఇష్టం బావా, నేనెవర్ని అని ఫోన్ పెట్టేశాడు.

జూలై 1

కరిగించేది రేపట. బావమరిదికి మెసేజ్ పెట్టాను.

జూలై 2

ఆసుపత్రికి వేసుకెళ్ళే చొక్కా వేసుకుని కూర్చున్నాను. తలుపు చప్పుడైంది. బావమరిది. ఏమీ అడక్కు బావా అన్నాడు. ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టుకున్నాం. మోగదని ఇద్దరికీ తెలుసు.