కొలవని వేలు

రూతు వదినగారికి వందనాలు.

ఫోన్లో మాట్లాడితే మీ చెల్లి ఎవాంజెలిన్ వింటుందని ఇలా మెసేజ్ రాస్తున్నాను. మా పెళ్లై పాతికేళ్లయిన కృతజ్ఞత కూడికలో తన వేలికి తొడగాలని, నిన్న తార్నాకలో చుట్టూ వజ్రాలున్న ఉంగరం ఎంచుకున్నాం.

“చుట్టూ రాళ్లే కదా సార్, తర్వాత సైజు మార్చలేం. మేడమ్ వేలు కొలవనా?” అన్నాడు షాపతను.

జబ్బుతో ఆమె వేళ్లు సన్నబడ్డాయి. మందులు పనిచేయడం లేదని డాక్టరు నాకొక్కడికే చెప్పారు. వేలు ఎంత తగ్గిందో ఆమెకు తెలియకూడదని, చెయ్యి చాచేలోపే నేను పెళ్లి ఉంగరం సైజు చెప్పేశాను.

ఆటో యూనివర్సిటీలోకి తిరిగాక, “నా వేలు కొలవనివ్వలేదేంటండీ? డాక్టరు మీకేం చెప్పారు?” అని అడిగింది.

నేను ఆటో అతనికి మా క్వార్టర్స్ దారి చెప్పడం మొదలుపెట్టాను. ఇవాళ మళ్లీ అడుగుతుంది. ఒక్కడినే చెప్పలేను. వెంటనే బయల్దేరి రండి.

మీ మరిది